కరెంటు ఉన్న సైటే తీసుకోండి: ఇంక్స్ లేక్‌లో రెండు రాత్రులు

"మంచిగున్న ఇల్లు ఇడిచిపెట్టి, పైసలు కట్టి మరీ గుడారంల పండుకునుడేంది కొడుకా?"

జూన్ మొదటి వారంలో హన్మకొండ నుంచి వీడియో కాల్‌లో మా అమ్మ అడిగిన మాట ఇది. అప్పటికి అమ్మ అమెరికాకి, మా దగ్గరికి, రావడానికి విమానం టికెట్ కూడా కొనలేదు. నవంబరులో తను పడుకోబోయే గుడారానికి జాగా మాత్రం ఖరారైపోయింది. ఇది నా చాదస్తం అనుకోకండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకి సైటు అయిదు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. నీళ్ల పక్కన, చెట్టు నీడన, వారాంతంలో కావాలంటే ఆ అయిదో నెల మొదటి రోజునే కూర్చోవాలి. అమ్మ టికెట్ ఆగస్టు దాకా దొరుకుతుంది. చెరువు పక్క సైటు జూన్ దాటితే దొరకదు.

మేము ఆస్టిన్‌కి ఉత్తరాన లియాండర్‌లో ఉంటాం. ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్ మాకు గంట లోపు దారి. ఎన్నోసార్లు పగటిపూట వెళ్లి, బిర్యానీ డబ్బా ఖాళీ చేసి, కాళ్లు తడుపుకుని వచ్చేశాం. రాత్రి ఉండటం మాత్రం ఇదే మొదలు. మూడు కుటుంబాలు, మొత్తం 13 మంది. నేను, నా భార్య, అమ్మ, పదకొండేళ్ల మా పాప, ఏడేళ్ల బాబు. గుంటూరు నుంచి వచ్చిన మా ఆఫీసు మిత్రుడు, వాళ్లావిడ, ఇద్దరు మగపిల్లలు. కరీంనగర్ జంట, రెండేళ్ల వాళ్ల పిల్ల, ఇంకా పెళ్లికాని వాళ్ల తమ్ముడు. ముందే చెప్పేస్తాను: పార్కుకి నేను అయిదుకి నాలుగున్నర ఇస్తాను. మేము తీసుకెళ్లిన టెంట్‌కి ఒకటి. ఆ ఒకటి కూడా సంచీ బాగుందని.

ముందు చోటు గురించి. లిబర్టీ హిల్, బెర్ట్రమ్, బర్నెట్ ఊళ్ల మీదుగా హైవే 29 మీద పడమరకి పోవాలి. బర్నెట్ దాటాక తొమ్మిది మైళ్లకి ఎడమ వైపు పార్క్ రోడ్ 4 వస్తుంది. ఆ మలుపు తిరిగాక దారి పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. రెండు పక్కలా గులాబీ రంగు రాళ్లు. ఒక చోట రోడ్డు ఎత్తెక్కి, ఒక్కసారిగా కింద చెరువు కనపడుతుంది. మేము అక్కడ ప్రతిసారీ కారు ఆపుతాం. అమ్మ దిగి, చీర కొంగు చెవుల మీదకి లాక్కుని, చుట్టూ చూసి, "ఇవి మన హన్మకొండ గుట్టలే కదరా, ఇంత దూరం వచ్చింది ఇవి చూడనీకేనా" అంది. తప్పేం కాదు. పద్మాక్షి గుట్ట ఎక్కినవాళ్లకి ఈ బండలు పరాయివిగా అనిపించవు.

చెరువు అని నేను అంటున్నాను గానీ నిజానికి ఇది ఆనకట్ట వెనక నిలిచిన నది. నది పేరు కొలరాడో. గ్రాండ్ కాన్యన్ కోసిన కొలరాడో వేరు, ఇది టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలిసే ఇంకో నది. దీని మీద వరసగా ఆరు జలాశయాలు కట్టారు: బుకానన్, ఇంక్స్, ఎల్‌బీజే, మార్బుల్ ఫాల్స్, ట్రావిస్, ఆస్టిన్. ఇంక్స్ ఆనకట్ట 1938లో పూర్తయింది. ప్లాన్ వేసేటప్పుడు మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. పైన బుకానన్, కింద ఎల్‌బీజే మధ్య ఇరుక్కున్న చిన్న చెరువు కాబట్టి దీని నీటిమట్టం మామూలుగా మారదు. కరువు ఏడాదిలో ట్రావిస్ ఒడ్డుకి వెళ్తే నీళ్లు ఎక్కడో కింద ఉంటాయి, మధ్యలో ఎండిన మట్టి ఉంటుంది. ఇక్కడ సైటు నీళ్ల పక్కన అని మ్యాప్‌లో ఉంటే, వెళ్లిన రోజు కూడా నీళ్ల పక్కనే ఉంటుంది. జూన్‌లో డబ్బు కట్టి నవంబరులో వెళ్లేవాడికి అంతకన్నా భరోసా ఏం కావాలి?

ఇక బుకింగ్. పార్కులో సుమారు 200 సైట్లు, కొన్ని చిన్న క్యాబిన్లు ఉన్నాయి. వెబ్‌సైట్‌లో ఒక్కో సైటుకీ ఫొటో, కొలతలు ఉంటాయి. మ్యాప్ మీద నొక్కుతూ పోవాలి. నేను మూడు రాత్రులు అదే పని చేశాను. మా ఆవిడ "ఇల్లు కొన్నప్పుడు కూడా ఇన్ని ఫొటోలు చూడలేదు" అంది. ఒక సైటులో 8 మందికి మించి ఉండకూడదు, అందుకని 13 మందికి రెండు సైట్లు తప్పవు. పక్కపక్కన రెండు ఖాళీగా దొరకాలి, రెండూ ఒకే ఒడ్డున ఉండాలి. నేనూ మా గుంటూరు మిత్రుడూ చెరో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, ఒకేసారి నొక్కాం. తిరుపతి దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చు తక్కువే. కరెంటు, నీళ్లు ఉన్న సైటుకి రాత్రికి 20 డాలర్ల పైచిలుకు అయింది. దానికి తోడు 13 ఏళ్లు, ఆపైన ఉన్న ప్రతి మనిషికీ రోజుకి 7 డాలర్ల ప్రవేశ రుసుము. పన్నెండేళ్ల వరకు పిల్లలకి ఏమీ లేదు. మా కారులో పెద్దవాళ్లం ముగ్గురం, రెండు రాత్రులకి 42 అవుతుంది. ఏడాది పాస్ తీసుకుంటే ఆ కారులో వచ్చినవాళ్లందరికీ ఈ రుసుము ఉండదు, పైగా రాష్ట్రంలోని అన్ని స్టేట్ పార్కులకీ చెల్లుతుంది. ఏడాదిలో మళ్లీ మళ్లీ వెళ్లే ఉద్దేశం ఉంటే పాసే తీసుకోండి. మేము పాస్ తీసుకున్నాం. మా గుంటూరు మిత్రుడు "మళ్లీ ఎవడు వస్తాడు?" అని తీసుకోలేదు. సంక్రాంతికి మళ్లీ తనే అడిగాడు.

కరెంటు సైటా, లేనిదా అన్నది మాలో పెద్ద చర్చ. కరీంనగర్ తమ్ముడు కుర్రవాడు కాబట్టి "క్యాంపింగ్‌కి వెళ్లి కరెంటు అంటే ఎట్లన్నా?" అన్నాడు. కరెంటు సైట్లు అసలు పెద్ద పెద్ద ఆర్వీల కోసం, అంటే చక్రాల మీద ఇల్లులాంటి బండ్ల కోసం పెట్టినవి. కానీ వాటి స్తంభానికి మామూలు ప్లగ్ కూడా ఉంటుంది. దాంట్లో రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు. తెలుగు కుటుంబానికి నేను చెప్పే ఒకే ఒక్క గట్టి సలహా ఇది. గ్యాస్ స్టవ్ మీద, గాలిలో, 13 మందికి అన్నం వండి చూడండి. అడుగు మాడుతుంది, పైన పలుకు ఉంటుంది, మధ్యలో ఎవరికీ ఓపిక ఉండదు. కుక్కర్ మీట నొక్కి చెరువు దగ్గరికి వెళ్లిపోయి, వచ్చేసరికి అన్నం రెడీ. ఆ తమ్ముడే రెండో రోజు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఇప్పుడు టెంట్. ఏ కంపెనీ, ఎక్కడ కొన్నాను అన్నది చెప్పను. జూన్‌లో సైటు బుక్ అయిన ఉత్సాహంలో, ఆన్‌లైన్‌లో తగ్గింపు ధర చూసి కొన్నాను. డబ్బా మీద "8 మందికి" అని ఉంది. ఆ 8 మంది ఎవరో నాకు తెలీదు. చాపలు పరిచినట్టు మనుషుల్ని పక్కపక్కనే పేర్చి, ఒక్కరికీ సామాను లేదనుకుని, ఎవరూ పక్కకి తిరగరనుకుంటే ఆ లెక్క వస్తుందేమో. మేము అయిదుగురం, రెండు గాలి పరుపులు, అమ్మకి ఒక మడత మంచం. తలుపు జిప్ వేయాలంటే మా బాబు కాళ్లు ముడుచుకోవాలి. కాబట్టి డబ్బా మీద ఉన్న సంఖ్యని సగం చేసుకోండి. అసలు తప్పు నాది: జూన్ నుంచి నవంబరు దాకా దాన్ని గరాజ్‌లో విప్పకుండా ఉంచాను. పార్కులో మొదటిసారి విప్పినప్పుడు ఒక కడ్డీ అతుకు దగ్గర చీలిపోయి ఉంది. వెనక్కి ఇద్దామంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. కొన్న వారంలోనే వెనక పెరట్లో ఒకసారి నిలబెట్టి, పైపుతో నీళ్లు కొట్టి చూడండి.

శుక్రవారం మేము సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం మూడింటికి చేరదామనుకున్నాం. బయలుదేరేసరికే మూడైంది. నవంబరులో గడియారం గంట వెనక్కి జరుగుతుంది కదా, పొద్దు అయిదూ నలభైకల్లా గుంకుతుంది. గేటు దగ్గర కాగితం తీసుకుని, సైటుకి చేరేటప్పటికి మాకు మిగిలిన వెలుతురు గంట. ఆ గంటలో రెండు పెద్ద టెంట్లు, ఒక చిన్నది నిలబెట్టాలి. అప్పుడు మాకు ఆ గులాబీ రాయితో పరిచయమైంది.

ఆ రాయిని నైస్ అంటారు. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. ఎంత నైసో మేకు కొట్టి చూస్తే తెలుస్తుంది. పైన నాలుగు వేళ్ల మందాన గరుకు ఇసుక, దాని కింద బండ. టెంట్‌తో ఇచ్చిన సన్నటి మేకులు ఇంత దూరం దిగి, కొడవలిలా వంగిపోయాయి. నేను సుత్తి పట్టుకుని కొడుతూనే ఉన్నాను. గుంటూరు మిత్రుడు ఫోన్‌లో వీడియో వెతుకుతున్నాడు. పిల్లలు వంగిన మేకులు ఏరి, ఎవరిది ఎక్కువ వంగిందో పోటీ పెట్టుకుంటున్నారు.

అమ్మ మడత కుర్చీలో కూర్చుని కాసేపు చూసింది. తర్వాత లేచింది. "ఆ కొట్టుడు ఆపు. బండల మేకు దిగుతదా? రాళ్లు తేండి." తాడు చివర ఒక పెద్ద రాయికి రెండు చుట్లు చుట్టించి, దాని ముందు ఇంకో రాయి ఎగదన్నించింది. గాలి వచ్చే వైపు తాడుని మా కారు చక్రానికి కట్టించింది. చీలిన కడ్డీకి వంటచెరకు కట్టెల్లోంచి సన్నది ఒకటి ఏరి, ఆనించి, పాత చీర పేలికతో బిగించింది. ఆ పేలిక ఎందుకు తెచ్చావమ్మా అంటే, "ఏడికన్న పోతే పాత చీర లేకుంటే ఎట్ల?" అంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ చిన్నప్పుడు ములుగు పక్క పల్లె నుంచి ఎడ్లబండి కట్టుకుని మేడారం జాతరకి పోయేవాళ్లు. రెండేళ్లకోసారి, మాఘ పున్నానికి. జంపన్న వాగు పక్కన, అడవిలో, బండి కిందా, చీరలు కట్టిన కర్రల కిందా వారం రోజులు ఉండేవాళ్లట. చలి, పిల్లలు, కోళ్లు, మేక, తలకి ఎత్తుకున్న బంగారం, అంటే బెల్లం. లక్షల మంది మధ్య అన్నీ వండుకుని తిని, ఏదీ పోగొట్టుకోకుండా ఇంటికి వచ్చేవాళ్లు. అయిదు నెలలు నేను యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటున్న విద్యని పుట్టినప్పటి నుంచి చేసిన మనిషి మా ఇంట్లోనే ఉందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నేను పంపిన సామాన్ల జాబితాలో 46 ఉన్నాయి. అమ్మని అడిగి ఉంటే ఇరవైతో పోయేది.

తిండి సంగతి. అది కార్తీక మాసం. అమ్మ నెలంతా నీసు ముట్టదు. గుంటూరు మిత్రుడికి నిప్పుల మీద కోడి కాల్చకపోతే క్యాంపింగ్ చేసినట్టే కాదు. ఈ గొడవ జూన్‌లో మాకు తట్టలేదు గానీ, రెండు సైట్లు ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ఒక్కో సైటుకీ ఒక బల్ల, నిప్పు వేసుకునే ఇనుప చుట్టు విడిగా ఉంటాయి. ఒకటి శాకాహార సైటు, ఒకటి రెండోది. పిల్లలు మాత్రం గాలి వాసన బట్టి అటూ ఇటూ వలస పోయారు. శుక్రవారం రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం, చల్ల మిరపకాయలు. మొదటి రాత్రికి వంట పెట్టుకోకండి, చీకట్లో ఏదీ దొరకదు. శనివారం పొద్దున రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్ మీద ఉప్మా, అల్లం టీ. ఆ చిన్న ఆకుపచ్చ సిలిండర్లు రెండు చాలనుకున్నాం, 13 మందికి టీలే ఒక సిలిండర్ తినేశాయి. మూడు తీసుకెళ్లండి. మధ్యాహ్నం అసలు వనభోజనం. ఉసిరి చెట్టు ఎక్కడ తేవాలి? ఒక ముసలి లైవ్ ఓక్ చెట్టు చూసి అమ్మ దండం పెట్టి, "నువ్వే ఉసిరి అనుకుంటం తల్లీ" అని దాని కింద చాప పరిపించింది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వంకాయ, దొండకాయ వేపుడు, కుక్కర్ అన్నం. గోంగూర గుంటూరు వాళ్లది, మేము మర్యాదగా పోటీకి దిగలేదు.

కట్టెలు పార్కులో ఏరుకోకూడదు. కొనుక్కోవాలి, అదీ దగ్గర్లోనే కొనమంటారు. దూరం నుంచి తెస్తే కట్టెలతో పాటు పురుగులు కూడా వస్తాయని ఈ జాగ్రత్త. మేము బర్నెట్‌లో కొన్నాం. ఇంకో మాట: ఎండాకాలంలో, కరువులో కౌంటీ వాళ్లు నిప్పు మీద నిషేధం పెడతారు, అప్పుడు కట్టెలూ బొగ్గులూ కుదరవు. వెళ్లే వారం చూసుకోండి. కోడి మీద ఆశ పెట్టుకున్నవాళ్లు మరీ ముఖ్యంగా చూసుకోవాలి. మేము వెళ్లిన వారం నిషేధం లేదు.

మా జంతికలు మాత్రం రకూన్ తినేసింది. శుక్రవారం రాత్రి పదకొండింటికి బల్ల మీద చప్పుడైతే టార్చ్ వేశాను. కళ్లకి నల్ల గంతలు కట్టినట్టు ఉన్న ఒక జంతువు, మా ఆవిడ ఇండియన్ స్టోర్ డబ్బా మూత రెండు చేతులతో తిప్పి తీసి, ఒక్కో జంతికా తీరుబడిగా కొరుకుతోంది. దీపం వేసినా కదల్లేదు. కూలర్ గడి కూడా తీయగలదట. అమ్మ దాన్ని "ముసుగుపిల్లి" అంది, ఇప్పుడు మా ఇంట్లో దానికి అదే పేరు. తిండి, చెత్త, చివరికి పళ్లు తోముకునే పేస్టు కూడా రాత్రి కారులో పెట్టి తాళం వేయాలి. ఇది పార్కు వాళ్లు ఇచ్చిన కాగితంలో రాసే ఉంది. మేమే చదవలేదు.

మాదే ఇంకో తప్పు ఉంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు. మేము పదిన్నరకి అంత్యాక్షరిలో 'మ' దగ్గర ఉన్నాం. పార్కులోనే ఆర్వీలో ఉంటూ సేవ చేసే హోస్ట్‌లు ఉంటారు. ఒక పెద్దావిడ చిన్న లాంతరుతో నడిచి వచ్చి, పాటలు బాగున్నాయనీ, రేపు పొద్దున మళ్లీ పాడుకోమనీ చెప్పి వెళ్లింది. అంత మెత్తగా మందలించేసరికి సిగ్గేసింది. మందు గురించి కూడా చెప్పాలి, మనవాళ్లు అడుగుతారు కాబట్టి. స్టేట్ పార్కులో బహిరంగంగా తాగకూడదు. ఆ ప్లాన్ ఉన్నవాళ్లు వేరే చోటు చూసుకోండి.

శనివారం చెరువు. పార్కు స్టోర్‌లో కయాక్‌లు, ప్యాడిల్ బోర్డులు అద్దెకి ఇస్తారు. పొద్దున తొమ్మిది లోపు వెళ్తే నీళ్లు అద్దంలా ఉంటాయి, పదకొండు దాటాక మోటార్ బోట్లు వచ్చి అలలు లేపుతాయి. నేనూ మా పాపా కయాక్ వేసుకుని డెవిల్స్ వాటర్‌హోల్ అనే పాయలోకి పోయాం. రెండు పక్కలా నిటారుగా రాళ్లు, చివర చిన్న జలపాతం. అమ్మకి ఫొటో చూపించి పేరు చెప్తే "దెయ్యాల మడుగా? పిల్లను తీస్కపోయినవా ఆడికి?" అని తిట్టింది. తిట్టడంలో న్యాయం ఉంది. ఆ రాళ్ల మీద నుంచి కుర్రాళ్లు దూకుతుంటారు. ఇక్కడ లైఫ్‌గార్డులు ఉండరు. ఈత రాకుండా చెరువుల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లల వార్తలు అమెరికాలో ఎన్ని చదవలేదు? ఒడ్డు దగ్గర మోకాలి లోతు ఉన్న చోట రెండు అడుగుల అవతల ఏమీ అందదు. మేము పిల్లలకే కాదు, ఈత రాని పెద్దవాళ్లకి కూడా లైఫ్ జాకెట్ వేయించాం. కరీంనగర్ తమ్ముడు ఫొటోల కోసం తీసేయబోతే వాళ్ల వదిన ఊరుకోలేదు.

ఒడ్డు మీద కూర్చుని చేపలు పట్టాలంటే స్టేట్ పార్కులో లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలీదు. గుంటూరు పిల్లలిద్దరూ గాలం వేసుకుని రోజంతా కూర్చుని, అరచేయంత చేప ఒకటి పట్టి, దానికి పేరు పెట్టి, వదిలేశారు.

సాయంత్రం అమ్మ దీపం పెడతానంది. కార్తీకంలో చెరువులో దీపం వదలాలి. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆకు దొన్నె, వత్తి, నూనె చెరువులో వదిలేస్తే అది చెత్తే, మనకి భక్తి కావచ్చు గానీ. అమ్మకి ఎలా చెప్పాలో తెలీక నసుగుతుంటే, తనే చిన్న స్టీలు గిన్నె తీసింది. అందులో బియ్యప్పిండి ప్రమిద పెట్టి, వత్తి వేసి, గుంటూరు పెద్ద పిల్లవాడిని పిలిచి, "నీ గాలం దారం గింత ఇయ్యి బిడ్డా" అంది. గిన్నె చెవికి దారం కట్టి, దీపం వెలిగించి, నీళ్లలోకి మెల్లగా తోసింది. గాలి లేదు. దీపం పది బారలు పోయి ఆగింది. మేమందరం ఒడ్డున నిలబడ్డాం, కరీంనగర్ వాళ్ల రెండేళ్ల పిల్ల కూడా కిక్కురుమనలేదు. కాసేపటికి అమ్మ దారం చుట్టుకుంటూ దీపాన్ని వెనక్కి లాగి, ప్రమిద ఆరిపోకుండా చేతిలోకి తీసుకుంది. ఆ గాలం దారం వాడు ఇంటికి తీసుకెళ్లి దాచుకున్నాడట.

ఆదివారం తెల్లవారుజామున ఉత్తరపు గాలి దిగింది. టెక్సస్‌లో నవంబరు అంటే ఇదే, ముందు రోజు పొట్టి చేతుల చొక్కా, మర్నాడు స్వెటర్. నాలుగున్నరకి మా టెంట్ పైగుడ్డ తెరచాపలా కొట్టుకోవడం మొదలైంది. కారు చక్రానికి కట్టిన తాడు కదల్లేదు. రాళ్లకి కట్టినవి కదల్లేదు. నేను రెండో సైటులో మట్టి ఉన్న చోట రెండు మేకులు కొట్టి నిలబెట్టిన చిన్న టెంట్ మాత్రం, కరీంనగర్ తమ్ముడితో సహా, పక్కకి ఒరిగింది. అతను నిద్ర లేవలేదు. చలికి స్లీపింగ్ బ్యాగుల కన్నా అమ్మ ఊరి నుంచి తెచ్చిన బొంతే నయమని మా బాబు తేల్చేశాడు, అందులోకి ఇద్దరు దూరొచ్చు కాబట్టి.

వాతావరణం గురించి ఒక్క మాట గట్టిగా. హిల్ కంట్రీ అనే ఈ గుట్టల ప్రాంతమంతా బండ నేల, వాన పడితే ఇంకదు, గంటల్లో వాగులు పొంగుతాయి. 2018 అక్టోబరులో ఇక్కడికి దగ్గర్లోని కింగ్స్‌లాండ్ దగ్గర లానో నది పొంగి రోడ్డు వంతెననే కొట్టేసింది. 2025 జులైలో గ్వాడలూప్ నది వరదలో 100 మందికి పైగా పోయారు. వాన సూచన ఉంటే, కట్టిన డబ్బు చూసుకోకుండా ఆగిపోండి. వాగు పక్కన రాత్రి ఫోన్లు ఆపేసి పడుకోకండి, హెచ్చరికలు దానికే వస్తాయి.

ఎప్పుడు వెళ్లాలంటే, నా లెక్కలో అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా, లేదా బ్లూబానెట్ పూలు పూసే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. జులై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు దాటిన ఎండకి టెంట్ పొయ్యి అవుతుంది, అప్పుడు పగలు వెళ్లి నీళ్లలో కూర్చుని వచ్చేయండి. పగలు వెళ్లినా ముందు రిజర్వ్ చేసుకోవడం మంచిది, నిండితే గేటు మూసేస్తారు. పిల్లలకి నీళ్లు విసుగు పుడితే అదే పార్క్ రోడ్ 4 మీద లాంగ్‌హార్న్ కావెర్న్ గుహ ఉంది, ఏడాది పొడుగునా లోపల 20 డిగ్రీలే. మేము వెళ్లలేదు, గోంగూర తిన్నాక నిద్రపోయాం.

అర మార్కు ఎందుకు కోశానో చెప్పలేదు. సైట్లు ఒకదానికొకటి దగ్గర. ఒడ్డున ఉన్నవి మరీ దగ్గర. పక్కవాళ్ల కుక్క పేరు, వాళ్ల అల్లుడి మీద వాళ్లకున్న కోపం మాకు తెలిసిపోయాయి. మా అంత్యాక్షరి వాళ్లకీ అంతే కాబట్టి చెల్లుకు చెల్లు.

ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం 12కి. పదకొండున్నరకి అన్నీ సర్దాక అమ్మ కారు డిక్కీ అడుగు నుంచి చీపురు తీసింది. ఇంటి నుంచి తెచ్చింది, ఇండియన్ స్టోర్‌లో నాలుగైదు డాలర్లకి దొరికే మెత్తటి పొరక. సర్దేటప్పుడు నేను నవ్వి తీసి పక్కన పెట్టాను, నాకు తెలీకుండా మళ్లీ పెట్టింది. ఆ రెండు రోజుల్లో టెంట్‌లో ఇసుక ఊడ్చడానికి, బల్ల తుడవడానికి, ఒకసారి ముసుగుపిల్లిని తరమడానికి మేము వాడినంతగా ఇంకే వస్తువూ వాడలేదు. అమ్మ సైటంతా మూల నుంచి మూలకి ఊడుస్తుంటే, లాంతరు పెద్దావిడ గోల్ఫ్ బండి ఆపి చూస్తూ నిలబడింది. దిగొచ్చి, ఇది ఎక్కడ దొరుకుతుంది అని నన్ను అడిగింది. నేను దుకాణం పేరు చెప్పబోతుంటే అమ్మకి విషయం అర్థమై, చీపురు రెండుసార్లు దులిపి, ఆవిడ చేతిలో పెట్టింది.

ఇంటికి వస్తూ దారిలో ఇంకోటి కొన్నాం.